మూడో చరణం

లారీలోంచి ఇనుప పొయ్యిని దింపడానికి నలుగురు మగాళ్ళు తంటాలు పడుతుంటే, ఓజెల్ బాస్కిన్ రైలు దిగి వచ్చి అక్కడే నిలబడిపోయాడు. పాతకాలపు కట్టెల పొయ్యి. ఎవరి కోళ్ళ గూటి పక్కనుంచో పట్టుకొచ్చి, తుప్పు గీకి, నల్లరంగు పూసినట్టున్నారు. రైలు స్టేషను వెనక ఖాళీ స్థలంలో పలకలతో కట్టిన వేదిక మీదికి దాన్ని ఎక్కిస్తున్నారు.

"చూశారా ఓజెల్ గారూ, ఇది నా ఆలోచనే!" అంది ట్రెనీస్. ఊరి పాటల ఉత్సవం పనులన్నీ నెత్తినేసుకున్న బడి పంతులమ్మ. షికాగో నుంచి ఆయన్ని రప్పించింది కూడా ఆ పిల్లే. "'వర్లీన్ పొయ్యి' అని బోర్డు పెడతాం. జనం పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. నిప్పు మాత్రం పెట్టం. పాటలో ఆరిపోయింది కదా మరి!"

పొయ్యి మోస్తున్నవాళ్ళు ఆ బరువులో కూడా నవ్వారు. ఓజెల్ కూడా నవ్వబోయాడు గానీ మొహం సహకరించలేదు.

ఓజెల్ కట్టిన ఆ పాట తెలియనివాళ్ళు ఈ డెల్టాలో లేరు. సముద్రాల అవతల కూడా గిటారు పట్టిన ప్రతి కుర్రాడూ చిటికెన వేలికి గాజు గొట్టం తొడుక్కుని మొదట నేర్చుకునేది దాన్నే. ఓజెల్ తీగ మీద ఆ గాజును జార్చే తీరుని చూసి నేర్చుకుని అతనికంటే పెద్ద పేరు తెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. మొగుడు తెల్లారి ఇంటికొస్తాడు, పొయ్యి చల్లబడి ఉంటుంది, పెళ్ళాం ఉండదు. ఆమె గుండె కూడా ఆ బూడిదలాగే చల్లనిదని అతను ఏడుస్తాడు. రెండు చరణాలు, అంతే. మా ఊళ్ళో దీన్ని "పాటలో పెట్టడం" అంటారు. పాటలో పెట్టబడ్డ మనిషికి ఆ పేరు ఒంటి మీద మచ్చలాగా ఉండిపోతుంది. వర్లీన్ ఉప్పు కొనడానికి కొట్టుకు వెళ్తే, కొట్టువాడు ఉప్పు తూచేలోపు ఎవరో ఒకరు అడిగేవారు, "ఏం వర్లీన్, పొయ్యి వెలిగించావా?" అని. ఆ మాట అంటూ పెరిగిన పిల్లలకి ఇప్పుడు మనవలున్నారు.

"ఆవిడకి చెప్పావా, ఈ పొయ్యి సంగతి?" అన్నాడు ఓజెల్.

"ఎవరికి?" అంది ట్రెనీస్.

"వర్లీన్‌కి."

ట్రెనీస్ నోరు తెరిచింది. "వర్లీన్ అమ్మ... అంటే, మా చర్చిలో వాకిలి దగ్గర నిలబడే వర్లీన్ అమ్మా? ఆ పాట ఆవిడదా? నేను ఊరికే పేరు కలిసిందనుకున్నానే!"

*

మర్నాడు పొద్దున ఓజెల్ వెళ్ళేసరికి వర్లీన్ వెనక వసారాలో టమాలీలు చుడుతోంది. శుక్రవారం చుట్టి, శనివారం ఉడికించి అమ్మడం ఆమె పని. నానబెట్టిన మొక్కజొన్న పొత్తు రేకొకటి అరచేతిలో పరిచి, తడిపిండి పల్చగా రాసి, మధ్యలో కారం పట్టించిన మాంసం ముద్ద పెట్టి, ఒక్క దొర్లింపులో చుట్టి, అడుగు మడిచి పక్కన పెడుతోంది. రేకు, పిండి, మాంసం, మడత. చెయ్యి దాని దారిన అది పోతోంది.

"వచ్చావా," అంది తలెత్తకుండా. "నిన్ననే దిగావని ఊరంతా చెప్పారు. ఇవాళ తీరిందన్నమాట."

"ఎట్లా ఉన్నావు వర్లీన్?"

"పొయ్యి వెలుగుతోంది."

ఓజెల్ తల దించుకుని, బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. ఆమె దారపుండని కాలితో అతని వైపు తోసింది. "చేతులు ఊరికే ఉన్నాయిగా. మూడేసి కలిపి కట్టు."

కట్టాడు. రెండో కట్ట దగ్గరే ఆమె లాక్కుని చూసింది. "ఇది ముడా? కుండలో పడ్డ మరుక్షణం ఊడి ఊరుకుంటుంది. తీగలు బిగించే చేతులేనా ఇవి?"

"తీగలు నేను వదులు చేసి వాయిస్తాను," అన్నాడు ఓజెల్.

"అవును, వదిలెయ్యడం నీకు బాగా వచ్చు."

రైల్లో వస్తూ దారంతా కూడబలుక్కున్న మాటలు ఇంక ఆగలేదు. "రేపు అందరి ముందూ చెప్పేస్తాను వర్లీన్. ఆ పాట అబద్ధమని చెప్తాను. ఇక బతికుండగా దాన్ని పాడనని చెప్తాను. అందుకే వచ్చాను నేను, ఈ ఉత్సవం కోసం కాదు."

ఆమె ఏడుస్తుందనో, కనీసం చేతిలో పని ఆపుతుందనో అతను అనుకున్నాడు. ఆమె ఇంకో రేకు తీసి నీళ్ళు విదిలించింది.

"ఎవరి కోసం?"

"నీ కోసమే."

"నన్నడిగావా? కట్టేటప్పుడూ అడగలేదు, మానేటప్పుడూ అడగలేదు. బాగుంది." రేకు మీద పిండి రాసింది. "నన్ను పొయ్యి అడిగినవాళ్ళు సగం మంది పోయారు. వాళ్ళ పెళ్ళిళ్ళకీ చావులకీ నేనే వండి పెట్టాను. నాకది అలవాటైపోయింది. ఇప్పుడు నువ్వు పాట మానేస్తే నీ గుండె తేలికవుతుంది, హాయిగా షికాగో పోతావు. నాకేం ఒరుగుతుంది?"

"మరి ఏం చెయ్యమంటావు?"

"మూడో చరణం ఉందిగా. నేథన్ పేరున్నది."

ఓజెల్ చేతిలో దారం జారిపోయింది. కొడుకు పేరు ఇంకో మనిషి నోట విని ఎంత కాలమైందో అతనికే తెలియదు.

"అది రికార్డులో పడలేదు వర్లీన్. రికార్డింగు గదిలో అద్దం అవతల నిలబడ్డ పెద్దమనిషి మూడు నిమిషాలు కాగానే చెయ్యెత్తేశాడు. రికార్డులో అంతకు మించి పట్టదన్నాడు."

"ఆ మాట అప్పుడే చెప్పావు. తర్వాత ఇన్నేళ్ళు స్టేజీల మీద నీకు ఎవరు చెయ్యెత్తారు?"

జనం రికార్డులో విన్నదే అడిగారు, విన్నదే పాడాడు. అంతకంటే పెద్ద కారణం ఏమైనా ఉందా అని వెతుక్కుంటే కనపడలేదు.

"వాణ్ణి పూడ్చిన చోటు దున్నేశారు, తెలుసా?" అంది వర్లీన్. ఇప్పుడు ఆమె చెయ్యి ఆగింది. "చెక్క సిలువలు పీకేసి, మన శ్మశానమంతా ట్రాక్టరు పెట్టి దున్నేశాడు దొరగారి కొడుకు. ఇప్పుడక్కడ పత్తి. ఏ సాలు మీద నిలబడి ఏడవాలి నేను? వాడు మంత్రసాని చేతిలో పుట్టాడు, కాగితం లేదు. ఫొటో లేదు. ఎత్తుకున్న చేతులన్నీ మట్టిలో కలిశాయి. వాడి పేరు నా నోట్లోనూ నీ పాటలోనూ తప్ప ఈ లోకంలో ఎక్కడా లేదు ఓజెల్. నేను పోయాక ఇక ఆ పాటే. కాబట్టి రేపు పాడు. మూడూ పాడు. నిన్ను చూసి నేర్చుకునే ఆ కుర్రాళ్ళందరికీ ఆ చరణం రావాలి. నన్నేమన్నా అనుకోనీ."

"నువ్వొస్తావా? అక్కడికి?"

"ముందు వరుసలో కూర్చుంటాను."

"మీ పాస్టరు ఊరుకుంటాడా? సైతాను పాటలంటాడుగా మావి."

"పాస్టరు సంగతి నేను చూసుకుంటా. నీ సంగతి నువ్వు చూసుకో."

"సరే," అన్నాడు ఓజెల్. చెప్పాల్సిన మాట మాత్రం చెప్పలేకపోయాడు. ఆ చరణం అతనికి గుర్తు లేదు.

*

లోంజోకి పళ్ళు లేవు గానీ, మౌత్ ఆర్గాన్ ఇప్పటికీ ఏడిపించి వదిలిపెడతాడు. ఓజెల్‌తో చిన్నప్పటి నుంచీ కలిసి వాయించినవాడు. తన ఇంటి వసారాలో కుర్చీ వేసుకుని, గిన్నెడు ఉడికిన పల్లీలు ఒళ్ళో పెట్టుకుని చిగుళ్ళతో నమిలేస్తున్నాడు.

"మూడో చరణమా? ఎందుకు గుర్తులేదురా! ఫిచ్ సారా పాకలో పాడేవాడివి, ఆ ఏడు శనివారం శనివారం. చేపలు వేయించే మూల నిలబడేవాళ్ళం. ఫిచ్ పెళ్ళాం ఎర్ర గౌను. బూకర్ గాడు ఎవణ్ణో కత్తితో పొడవబోయి తన తొడే కోసుకున్నాడు..."

"చరణం సంగతి చెప్పరా."

"చెప్తున్నాగా. నువ్వు చరణం ఎత్తుకోగానే పాకంతా గప్‌చుప్. చిందులేసేవాళ్ళు నిలబడిపోయేవాళ్ళు. చేప మాడినా ఎవడికీ పట్టేది కాదు."

"మాటలు, లోంజో. మాటలేంటి?"

లోంజో నమలడం ఆపాడు. ఆకాశం వైపు చూశాడు, పల్లీల గిన్నెలోకి చూశాడు. "నాకెట్లా తెలుస్తుందిరా? నేను వెనకనుంచి ఊదేవాణ్ణి. నువ్వెక్కడ గుక్క తిప్పుకుంటావో అది చూసుకునేవాణ్ణి. గుక్కలు కావాలంటే చెప్తా, ఒక్కటి పోకుండా చెప్తా." తర్వాత మెల్లగా అన్నాడు, "పాట నీది. కొడుకు నీ కొడుకు. నన్నడుగుతావేంట్రా?"

ఓజెల్ లేచి వచ్చేశాడు.

శనివారం పొద్దున హోటలు గదిలో మంచం అంచున కూర్చుని గిటారు ఒళ్ళోకి తీసుకున్నాడు. వేలు పెట్టకుండా మీటితేనే స్వరం కలిసేలా తీగల్ని వదులు చేశాడు. బొటనవేలు కింద తీగ మీద అడుగులు వేస్తుంటే, చిటికెన వేలి గాజు పైతీగ మీద ఏడుస్తూ జారింది. మొదటి చరణం వచ్చింది, రెండోది వచ్చింది. నిద్రలో లేపి అడిగినా వస్తాయవి. మూడో దాని దగ్గర "నా నేథన్" అనగానే ఎదర గోడ.

పిల్లాడు పోయిన ఆ శీతాకాలం మాత్రం బాగా గుర్తుంది. ఏటి అవతల శనివారం పాటకని వెళ్ళి, పాట బాగా సాగిందని అక్కడే ఉండిపోవడం, తెల్లారి వచ్చి చల్లటి పొయ్యి ముందు కూర్చుని, పెళ్ళాం ఎవడితోనో లేచిపోయిందని కడుపు మండి రెండు చరణాలు కట్టెయ్యడం, మధ్యాహ్నానికి రోడ్డు మీద వర్లీన్ నడిచి రావడం. ఆ రాత్రే ఆమె జ్వరంతో కాలిపోతున్న పిల్లాణ్ణి ఎత్తుకుని డాక్టరు ఇంటికి నడిచింది. నల్లవాళ్ళని ముందు గుమ్మం ఎక్కనివ్వరు కాబట్టి వెనక గుమ్మం దగ్గర నిలబెట్టారు. నిలబడినంతసేపూ బతికే ఉన్నాడు. అన్నీ గుర్తున్నాయి, చరణమే లేదు.

పోనీ కొత్తగా కడదామనుకున్నాడు. నేథన్ దేవదూతల మధ్య ఉన్నాడని కట్టాడు. సమాధి మీద మంచు కురిసిందని కట్టాడు. ఇన్నేళ్ళ పనివాడు, మాటలు కుదిరాయి, అంత్యప్రాసలు కూడా పడ్డాయి. పాడి చూసుకుంటే తనకే సిగ్గేసింది. పెళ్ళి కార్డు మీద అచ్చేసే మాటల్లాగా ఉన్నాయి.

*

వర్లీన్ చర్చి దుస్తుల్లో వచ్చింది. తెల్ల గౌను, తెల్ల చేతి తొడుగులు, తెల్ల బూట్లు. ఆదివారం వాకిలి దగ్గర నిలబడి జనాన్ని కూర్చోబెట్టే పెద్దమ్మలు వేసుకునే దుస్తులవి. పాటకచేరీకి ఆ బట్టల్లో వచ్చిన మనిషిని మా ఊరు అంతకుముందు చూడలేదు. వేపిన చేపల దగ్గర వరసలో ఉన్న ముసలాళ్ళు టోపీలు తీశారు.

ఆమె తిన్నగా వేదిక మెట్లెక్కి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. తలుపు తెరిచి లోపలికి చూసింది. పక్క రాష్ట్రం నుంచి వచ్చిన జంట ఒకటి అప్పుడే ఫొటోకి సిద్ధమవుతోంది. ఆ అమ్మాయి పొయ్యి మీద చెయ్యి పెట్టి, చలికి వణుకుతున్నట్టు నటిస్తోంది.

"పెద్దమ్మా, ఏమనుకోకండి," అన్నాడు కెమెరా పట్టుకున్న కుర్రాడు మర్యాదగానే. "కొంచెం పక్కకి జరుగుతారా? వర్లీన్ ఫొటోలో మీరు అడ్డం వస్తున్నారు."

వర్లీన్ పక్కకి జరిగింది. మెట్లు దిగి, ముందు వరుసలో మడత కుర్చీ తుడుచుకుని కూర్చుంది. వేదిక పక్కన గిటారు పట్టుకుని నిలబడ్డ ఓజెల్ అంతా చూశాడు. అప్పుడే వెళ్ళిపోదామా అనిపించింది. స్టేషను పక్కనే ఉంది.

ఎండ వాలుతుండగా వేదికెక్కాడు. లోంజో పక్కన కుర్చీలో ఉన్నాడు. నాలుగైదు పాటలు వాయించాక జనమే అరిచారు, "పొయ్యి! పొయ్యి పాడు తాతా!" అని. అతను గాజు తొడుక్కుని తీగ మీద ఒక్క జారు జార్చగానే స్థలమంతా హోరెత్తింది. మొదటి మాట అతని నోట రాకముందే జనం అందుకున్నారు.

"తెల్లారి ఇంటికొచ్చా, పొయ్యిలో బూడిద చల్లగా ఉంది..."

చేతులు ఊపుతూ, సీసాలు పైకెత్తి, చంకలో పిల్లల్ని ఎగరేస్తూ పాడారు. "వర్లీన్, నీ గుండె కూడా అంతే చల్లగా ఉంది!" అన్నచోట గొంతులు చించుకున్నారు. ముందు వరుసలో తెల్ల తొడుగుల చేతులు ఒడిలో కదలకుండా ఉన్నాయి. రెండో చరణం కూడా అయిపోయింది. ఇక పాట అయిపోయిందని జనం చప్పట్లు మొదలుపెట్టారు. ఓజెల్ ఆపలేదు. బొటనవేలు అడుగులు వేస్తూనే ఉంది.

గాజు మూడో చరణం ఎత్తుగడని పలికింది. అతను నోరు తెరిచాడు. ఏమీ లేదు. ఇంకో చుట్టు వాయించాడు. లోంజో సంగతి గ్రహించి ఖాళీని ఊది నింపాడు, గుక్క పట్టాల్సిన చోట ఆపి ఎదురుచూశాడు. "నా నేథన్..." అన్నాడు ఓజెల్. పొద్దున కట్టిన దేవదూతలు నాలుక చివరి దాకా వచ్చారు, ఆ ఒక్కటీ చెయ్యలేకపోయాడు. వెనక వరసల్లో కుర్రాళ్ళు మళ్ళీ మొదటి చరణం అందుకోబోయారు.

వర్లీన్ లేచి నిలబడింది.

మైకు లేదు. చర్చిలో వాయిద్యం లేకుండా కీర్తన ఎత్తే ముసలి గొంతు. గీరగా, నిదానంగా, ఎవరి కోసమూ ఆగకుండా వచ్చింది.

"నా నేథన్‌ని కోటులో చుట్టుకు నడిచింది, నేను ఇంట లేను,
ఓ, నా నేథన్‌ని గుండెకి కట్టుకు నడిచింది, నేను ఇంట లేను,
పొయ్యి ఆర్పింది వర్లీన్ కాదు, కట్టెలు కొట్టనిది నేను."

ముందు వరుసలు ఊరుకున్నాయి, తర్వాత వెనక వరుసలు. ఓజెల్ వేళ్ళు వాటంతట అవే ఆమె గొంతు కింద నడిచాయి. ఆ మాటలు అతనికి ఎవరో కొత్తవాళ్ళు కట్టిన మాటల్లా వినిపించాయి. సమాధి లేదు, మంచు లేదు, దేవదూతలు లేరు. కొడుకుని పూడ్చిన వారంలో, మీసం కూడా సరిగ్గా రాని ఓజెల్ బాస్కిన్ ఉన్నదున్నట్టు ఒప్పుకున్న నిజం అది. అన్ని పాటల్లోనూ సరిగ్గా దాన్నే మర్చిపోయాడు పెద్దవాడైన ఓజెల్ బాస్కిన్. గుండె పగిలిపోవడమంటే ఏమిటో ఇన్నేళ్ళూ పాడి బతికాడే గానీ, అదేమిటో అతనికి ఆ నిమిషాన తెలిసింది.

ఆమె కూర్చుంది. ఒక్క క్షణం ఆగి జనం చప్పట్లతో, ఈలలతో విరుచుకుపడ్డారు. ముందే అనుకుని చేసిన ఏర్పాటనుకున్నారు. ట్రెనీస్ మైకు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది గానీ, వర్లీన్ మొహం చూసి మైకు పట్టుకుని నిలబడిపోయింది.

ఓజెల్ కిందికి దిగి వచ్చేసరికి వర్లీన్ తొడుగులు విప్పి సంచిలో పెట్టుకుంటోంది.

"మర్చిపోయావు," అంది.

గొంతు సరిగ్గా లేదనో, ఎండ దెబ్బనో చెప్పచ్చు. "మర్చిపోయాను," అన్నాడు ఓజెల్.

"నిన్ననే చెప్పాల్సింది."

"సిగ్గేసింది వర్లీన్." తర్వాత అడిగాడు, "నీకెట్లా వచ్చు? నువ్వు ఫిచ్ పాకలో అడుగే పెట్టలేదుగా?"

"లోపల పెట్టలేదు. కిటికీ కింద నిలబడ్డాను. మళ్ళీ ఎవడి ముందు నన్ను తిడుతున్నావో విందామని వచ్చాను. అది విన్నాను." సంచి మూతి బిగించింది. "అది విన్నాను కాబట్టే ఇన్నాళ్ళూ కొట్లో వాళ్ళు ఏమడిగినా ఊరుకున్నాను. నిజం నీ దగ్గరుందిలే అనుకున్నాను. భద్రంగా ఉందనుకున్నాను."

ఓజెల్ ఏదో అనబోయాడు. క్షమించమని అనబోయాడేమో.

"వద్దు," అంది వర్లీన్. "అది నేను ఇవ్వను, నువ్వు అడగకు. రేపు చర్చి అయ్యాక రా. గిటారు తెచ్చుకో."

*

ఆదివారం మధ్యాహ్నం ట్రెనీస్ టిక్కెట్టు పట్టుకుని హోటలుకి వస్తే, ఓజెల్ తను ఇప్పుడప్పుడే వెళ్ళనన్నాడు. గిటారు పెట్టె మోసుకుంటూ వర్లీన్ వెనక వసారాకి వెళ్ళాడు.

ఆమె చర్చి దుస్తులు మార్చుకోకుండానే కుర్చీలో కూర్చుంది. అతను బకెట్ మీద కూర్చుని తీగలు వదులు చేసుకున్నాడు. పక్కింటివాళ్ళు కంచె దగ్గర నిలబడి తొంగిచూస్తుంటే ఆమె పట్టించుకోలేదు.

"ఎత్తు," అంది.

"నా నేథన్‌ని దుప్పట్లో చుట్టుకు..."

"దుప్పటి కాదు. కోటు. నీ కోటు. పాటకి వెళ్తూ మేకుకి వదిలేసి వెళ్ళావు. ఇంట్లో ఉన్న వెచ్చని గుడ్డ అదొక్కటే."

ఓజెల్ గాజుని తీగ మీంచి తీసేశాడు. దాన్ని తిరిగి వేలికి సర్దుకున్నాడు. మళ్ళీ ఎత్తుకున్నాడు. "నా నేథన్‌ని కోటులో..." అన్నాడు గానీ, కోటు దగ్గర ఏడుపొచ్చేసింది.

వర్లీన్ చెయ్యి చాచి అతని గిటారు చెక్క మీద వేలితో రెండుసార్లు కొట్టింది, చిన్నపిల్లలకి పాఠం చెప్పేవాళ్ళు బల్ల కొట్టినట్టు.

"ఏడుపు తర్వాత," అంది. "ముందు మాటలు రానీ."

ఓజెల్ మోచేత్తో మొహం తుడుచుకుని, మొదటి నుంచి ఎత్తుకున్నాడు.